వాడుక పేరు

మా కాలేజీ రసాయనశాల తలుపు తీయగానే ఎడమవైపు గోడకు నాలుగు అరల బీరువా ఉండేది. అందులో నూట పద్దెనిమిది సీసాలు. ప్రతి సీసాకూ అడుగు నుంచి సరిగ్గా నాలుగు వేళ్ల ఎత్తున తెల్లకాగితం లేబుల్. దాని మీద నల్లసిరాతో పదార్థం పూర్తి పేరు, కింద గాఢత, ఆ కింద తయారుచేసిన తేదీ. తడి తగిలినా అక్షరం చెదరకుండా పైన పలచగా మైనం పూత. ముప్పై ఒక్క ఏళ్లపాటు ఆ లేబుళ్లన్నీ ఒకే మనిషి రాశారు. ఆయన అక్కడ అటెండరు. కాలేజీకీ, ఆ తర్వాత ఊరంతటికీ ఆయన ల్యాబ్ మామయ్య. అదే గదిలో నేను ఇరవై ఆరేళ్లు పాఠం చెప్పాను. ఆయన శాసనసభకు స్వతంత్ర అభ్యర్థిగా నిలబడిన సంగతి చాలామందికి గుర్తుంది. ఎందుకు నిలబడ్డారో, ఏం పోగొట్టుకున్నారో తెలిసినవాళ్లు తక్కువ.

మామయ్యకు వాడుక పేర్లంటే గిట్టేది కాదు. కొత్తగా చేరిన పిల్లలెవరైనా "మామయ్యా, కొంచెం మైలుతుత్తం ఇవ్వండి" అంటే చెవుడు వచ్చినట్టు నిలబడేవారు. "కాపర్ సల్ఫేట్" అన్నాకే చేయి బీరువా వైపు కదిలేది. వెలిగారం అడిగినవాణ్ణి "అది నగలు చేసేవాళ్ల దగ్గర దొరుకుతుంది నాయనా, ఇక్కడ సోడియం టెట్రాబోరేట్ ఉంది, కావాలా?" అని ఆటపట్టించేవారు. పిల్లలు చాటుగా నవ్వుకునేవారు. అయినా రెండో వారానికల్లా అందరి నోళ్లూ దారికి వచ్చేవి.

దానికి కారణం ఉంది. ఆయన ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఎవరో ఒక సీసా మీద 'సోడా' అని మాత్రం రాసి పెట్టారు. బట్టల సోడా అనుకుని ఒక అమ్మాయి అరచేతిలో పోసుకుంది. లోపల ఉన్నది కాస్టిక్ సోడా. మామయ్య ఆమె చేతిని కుళాయి కింద ఇరవై నిమిషాలు పట్టుకుని నిలబడ్డారు. ఆమె చేయి మానింది. ఆయన ఎడమ మణికట్టు మీద చొక్కా గుండీ అంత మచ్చ మిగిలింది.

"వాడుక పేరంటే పదిమంది పది రకాలుగా అనుకునేది మేడమ్," అని నాతో ఒకసారి అన్నారు. "మనుషులకు సరిపోతుందేమో. సీసాకు పనికిరాదు."

ఆయన వాడుక పేరు మాత్రం ఆయన్ను అడగకుండానే వచ్చింది. అక్క పోయాక ఆమె కొడుకును, తొమ్మిదేళ్లవాణ్ణి, మామయ్య తన ఇంటికి తెచ్చుకున్నారు. ఇంట్లో వాణ్ణి చిన్నోడు అనేవారు. బడి వదలగానే వాడు నేరుగా ల్యాబ్‌కు వచ్చి, కిటికీ దగ్గర స్టూలెక్కి, "మామయ్యా, ఇదేంటి? మామయ్యా, అదెందుకు పొంగుతోంది?" అని ప్రాణం తోడేసేవాడు. ఆరు నెలలు తిరిగేసరికి విద్యార్థులందరికీ ఆ పిలుపే అలవాటైంది. చిన్నోడు పెద్దవాడై, మామయ్య దగ్గరే పని నేర్చుకుని, రైలు గేటు అవతలి ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ అటెండరుగా కాంట్రాక్టు మీద చేరాడు. లేబుల్ మీద అక్షరం తనకంటే చిన్నోడే గుండ్రంగా రాస్తాడని మామయ్య కనబడినవాళ్లందరికీ చెప్పుకునేవారు.

మా ఊరిని రైలు పట్టాలు రెండు ముక్కలు చేశాయి. ఇవతల బజారు, బడులు, మా కాలేజీ, మూడొంతుల ఇళ్లు. అవతల పెద్దాసుపత్రి. నడుమ దాటడానికి ఆ గేటు ఒక్కటే దారి.

మామయ్య భార్య కాలేజీ పిల్లలకు ల్యాబ్ అప్రాన్లు కుట్టేవారు. పిల్లలకు ఆమె అత్తయ్య. ఎవరి అప్రాన్ జేబు మీద వాళ్ల పేరులో మొదటి అక్షరం నీలం దారంతో కుట్టి ఇచ్చేవారు, ఒకరిది ఒకరు తొడుక్కోకుండా. ఒక పరీక్షల రోజు మధ్యాహ్నం కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషికి ఛాతీలో నొప్పి వచ్చింది. మామయ్య ప్రాక్టికల్ పరీక్ష గదిలో ఉన్నారు; అక్కడికి ఫోను తీసుకువెళ్లకూడదు. సెలవు పెట్టి ఇవతలే ఉన్న చిన్నోడు స్నేహితుడి వ్యాను తెచ్చి ఆమెను ఎక్కించుకున్నాడు. గేటు నాలుగూ ఆరుకు పడింది. గూడ్సు వెళ్లింది. ఎదురు దిక్కు నుంచి ప్యాసింజరు వస్తోందని గేటు లేవలేదు. నాలుగూ ఇరవై ఐదుకు లేచింది. అక్కడి నుంచి ఆసుపత్రి కిలోమీటరూ మూడువందల మీటర్లు. డాక్టరు చూసి, ఒక్క పావుగంట ముందు వచ్చినా ప్రయత్నం చేసేవాళ్లం అన్నారు.

పావుగంట అంటే పదిహేను నిమిషాలు. గేటు తీసుకున్నది పంతొమ్మిది. ఆ తీసివేత ఆయన ఎన్నిసార్లు చేసుకున్నారో నాకు తెలియదు.

రెండు వారాల తర్వాత మామయ్య ఒక ల్యాబ్ రికార్డు పుస్తకం కొని గేటు దగ్గరికి వెళ్లారు. పుస్తకంలో మొదటి వరుస ఆ పంతొమ్మిది నిమిషాలే. 'పరిశీలించినవారు' అన్న గడిలో చిన్నోడి పేరు. వ్యానులో కూర్చుని గడియారం చూసినవాడు వాడు కాబట్టి. రెండో వరుస నుంచి ఆయన పేరు. ఉదయం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా, సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా గేటు ఎప్పుడు పడింది, ఎప్పుడు లేచింది, ఎన్ని బళ్లు ఆగాయి అన్నది రాసేవారు. రిటైరయ్యాక పగలంతా అక్కడే. నాలుగేళ్లలో పదకొండువందల ఇరవై ఏడు రోజులు. గేటు ఒకసారి పడితే సగటున పదకొండు నిమిషాల నలభై సెకన్లు. అన్నిటికంటే ఎక్కువ ముప్పై నాలుగు నిమిషాలు. ఆయన కళ్లముందు ఆగిపోయిన అంబులెన్సులు డెబ్బై ఒకటి.

ఇవన్నీ గ్రాఫు కాగితం మీద గీసి శాసనసభ్యుడి దగ్గరికి తీసుకువెళ్లారు. నేనూ వెంట ఉన్నాను. ఆయన మర్యాదస్థుడు. గ్రాఫును చాలాసేపు చూశారు.

"చాలా కష్టపడ్డారు మాస్టారూ," అన్నారు. "కానీ వంతెన అంటే మాటలు కాదు. ఇది మీ ఇంటి కష్టం, కాదనను. ఊరి కష్టమే అయితే ఊరే వచ్చి అడిగేది కదా. ఇంతవరకు నా గుమ్మం తొక్కింది మీరొక్కరే."

దారిలో మామయ్య గ్రాఫును మడిచి సంచిలో పెట్టుకున్నారు. తర్వాత అన్నారు:

"ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది మేడమ్. నేను గేటును కొలిచాను. ఊరిని కొలవలేదు."

ఊరిని కొలిచే సాధనం ఐదేళ్లకు ఒకసారి దొరుకుతుంది. ఆ ఏడు ఎన్నికలు వచ్చాయి. కిందటిసారి శాసనసభ్యుడు గెలిచిన తేడా నాలుగు వేల మూడు వందల ఎనభై. వంతెన ఒక్కటే అడుగుతూ నిలబడినవాడికి అంతకంటే ఒక్క ఓటు ఎక్కువ పడినా, ఇక ఎవరు గెలిచినా వంతెన ఊసెత్తక తప్పదని మామయ్య లెక్క.

"నాకు కుర్చీ వద్దు మేడమ్," అన్నారు. "ఆ అంకె కావాలి."

నామినేషన్ ఫారాన్ని ముందు పెన్సిలుతో చిత్తు రాసి, తర్వాత సిరాతో సాపు రాశారు. ప్రతిపాదించిన పదిమందిలో నేనొకదాన్ని. మొదటి గడిలో సర్టిఫికెట్‌లో ఉన్న పేరు, ఇంటిపేరుతో సహా, పొల్లు పోకుండా రాశారు. నాలుగో గడిలో 'వాడుక పేరు, ఉంటే' అని ఉంది. అందులో స్కేలు పెట్టి అడ్డంగా ఒక గీత గీశారు. ల్యాబ్ రికార్డులో వర్తించని గడికి అలాగే గీత గీయాలని పిల్లలకు నేర్పింది ఆయనే. ఆ గీత నేను చూశాను. ఆయన తీరుకు తగినట్టే ఉందనుకుని సంతకం పెట్టాను. నా ఉద్యోగ జీవితంలో చదవకుండా పెట్టిన సంతకాలు కొన్ని ఉన్నాయి. వాటికి నేనెప్పుడూ బాధపడలేదు. చదివి పెట్టిన ఈ సంతకానికి బాధపడుతున్నాను.

ఫారాలు పరిశీలించే రోజు అభ్యర్థులు వెళ్లవచ్చు. మామయ్య వెళ్లలేదు. తన కాగితం సరిగ్గా ఉందని తెలుసు. సరిగ్గా ఉన్నదాన్ని మళ్లీ చూసుకోవడానికి గేటు దగ్గర రీడింగులు ఎందుకు వదులుకోవాలి అన్నారు. గ్రాఫును పెద్ద చార్టు మీద గీసుకుని సైకిలు మీద వీధి వీధీ తిరిగారు. పాత విద్యార్థులు ఆటోస్టాండులో ఉన్నారు, మందుల షాపుల్లో ఉన్నారు, బళ్లలో పంతుళ్లుగా ఉన్నారు. ఎవరి నోట విన్నా ఒకటే మాట: ఈసారి ఓటు ల్యాబ్ మామయ్యకే. ఆయన అసలు పేరు ఒక్కరూ అనలేదు. అది ఎవరికీ తెలియదు. తెలియదన్న సంగతి మాకెవరికీ తట్టలేదు.

ఉపసంహరణ గడువు మూడు గంటలకు ముగిసింది. మూడూ ఇరవైకి తుది జాబితా అంటించారు. మామయ్య, ఆయన కూతురు, నేను వెళ్లాం. కూతురు ఒక మందుల షాపులో ఫార్మసిస్టు. చిన్న అక్షరాలు చదవడం ఆమె వృత్తి. ముందుగా చూసింది ఆమే.

ఏడో నంబరు ఎదురుగా మామయ్య సర్టిఫికెట్ పేరు. గుర్తు స్టూలు. తొమ్మిదో నంబరు ఎదురుగా చిన్నోడి పేరు, దాని పక్కనే 'ల్యాబ్ మామయ్య'. గుర్తు బల్ల. బొటనవేలి గోరంత బొమ్మల్లో రెండూ నాలుగు కాళ్లవే. అప్పట్లో ఓటు యంత్రం మీద అభ్యర్థి ఫోటో ఉండేది కాదు.

కార్యాలయంలో ఉన్న గుమాస్తా మా పాత విద్యార్థి. ఒకప్పుడు పిపెట్‌తో ద్రావణాన్ని నోట్లోకి పీల్చి మింగినందుకు అందరూ వాణ్ణి పిపెట్ అనేవారు. వాడు బయటికి వచ్చి మామయ్య చేయి పట్టుకున్నాడు.

"నాలుగో గడి ఎందుకు కొట్టేశారు మామయ్యా?"

"అది నా పేరు కాదురా."

"మీ పేరేంటో నాకు ఇవాళే తెలిసింది. మూడేళ్లు మీ దగ్గర చదువుకున్నాను. ఏడో నంబరు ఎవరో అనుకున్నాను. తొమ్మిదో నంబరు చూసి, పోనీలే, మామయ్య ఫారం సరిగ్గానే పడిందనుకున్నాను."

"లేబుల్ పూర్తిగా చదవాలని చెప్పానా లేదా?"

"చెప్పారు," అన్నాడు పిపెట్, తలొంచుకుని. "సగమే చదివాను. మూడులోపు వచ్చి ఉంటే ఒక కాగితం మీద రాసిస్తే సరిపోయేది. ఇప్పుడు మా చేతుల్లో లేదు."

అక్కడి నుంచి చిన్నోడి ఇంటికి వెళ్లాం. దారిలో గేటు పడి తొమ్మిది నిమిషాలు ఆగాం. మామయ్య సంచిలోంచి పుస్తకం తీసి రాశారు. అలవాటు.

చిన్నోడిది మేడ మీద రెండు గదుల వాటా. మెట్ల మలుపులో నీళ్ల డ్రమ్ము, దాని మీద బోర్లించిన చెంబు. తలుపు తెరిచే ఉంది. మమ్మల్ని చూసి అతని భార్య లోపలి గదిలోకి వెళ్లిపోయింది.

"ఎప్పుడు మామయ్యవయ్యావు బావా?" అంది అమ్మాయి, గుమ్మం దాటకుండానే. "ఒక్క మాట చెబితే మేమూ అలాగే పిలిచేవాళ్లం కదా."

"లోపలికి రండి మేడమ్," అన్నాడు అతను, నాతో.

మామయ్య కుర్చీ అంచున కూర్చున్నారు. "మీ కాలేజీలో పిల్లలు నిన్నేమని పిలుస్తారు చిన్నోడా?"

"అన్న అంటారు మామయ్యా."

"మరి ఫారంలో?"

"ఎమ్మెల్యే మనుషులే నింపారు. నేను సంతకం పెట్టాను."

"చదవలేదా?"

"చదివాను," అన్నాడు చిన్నోడు.

అమ్మాయి గోడకు ఆనుకుని అతన్నే చూస్తోంది.

"ఉద్యోగంలో చేరి తొమ్మిదేళ్లయింది మామయ్యా," అన్నాడు అతను. "ప్రతి ఏడూ తీసేసి, మళ్లీ కొత్తవాణ్ణి చేర్చుకున్నట్టు సంతకం పెట్టించుకుంటారు. ప్రతి ఏడూ ఆ నెలంతా నాకు నిద్ర ఉండదు. ఇది చేస్తే పర్మనెంటు చేయిస్తామన్నారు. ఎలాగూ నువ్వు గెలవవు. నేనూ గెలవను. ఇందులో పోయేది ఎవరిది?"

"గెలుస్తానని ఎవరన్నారురా?" మామయ్య గొంతు పెరగలేదు. "లెక్క తీసుకుందామనుకున్నాను. నాలుగు వేల మూడువందల ఎనభై దాటుతుందా లేదా, అంతే. నువ్వు ఆ సీసాలో వేరేది కలిపావు. ఇక ఎంత వచ్చినా అది దేని లెక్కో ఎవరూ చెప్పలేరు."

"ఆ పేరు నీకు పెట్టింది నేనే కదా మామయ్యా." నవ్వు తెచ్చుకోబోయాడు. రాలేదు.

మామయ్య లేచి నిలబడ్డారు. పుస్తకం ఇంకా చేతిలోనే ఉంది.

"ఈ లెక్కలో మొదటి రీడింగు నీది," అన్నారు. "నాలుగూ ఆరు, నాలుగూ ఇరవై ఐదు. మిగతావన్నీ దాని మీదే నిలబెట్టాను."

మెట్లు దిగుతుంటే అమ్మాయి అంది: "రేపు మైకు పెట్టి చెబుదాం నాన్నా. తొమ్మిదో నంబరువాడు దొంగ మామయ్య అని ఊరంతా చెబుదాం."

"వద్దమ్మా."

"ఎందుకు వద్దు? ఇంకా వాణ్ణి వెనకేసుకొస్తావా?"

"మీ అమ్మను చేతుల మీద వ్యాను ఎక్కించినవాడు వాడు," అన్నారు మామయ్య. "నా నంబరు, నా గుర్తు నేను చెప్పుకుంటాను. వాడి సంగతి ఎత్తను."

అలాగే చేశారు. ప్రచారానికి పన్నెండు రోజులు మిగిలాయి. కాలేజీ నుంచి పాత స్టూలు ఒకటి అడిగి తెచ్చుకుని సైకిలు క్యారియరుకు కట్టుకున్నారు. ప్రతి కూడలిలో దాన్ని దింపి, ఎక్కి కూర్చుని, చార్టు విప్పేవారు. ఏడో నంబరు, స్టూలు గుర్తు, రైలు గేటు మీద వంతెన. ఇంతకుమించి మాట ఉండేది కాదు.

"గెలిస్తే స్టూలు కూడా అసెంబ్లీకి తీసుకెళ్తావా మామయ్యా?" అని ఆటోస్టాండులో ఒకడు అడిగాడు.

"తీసుకెళ్తే మంచిదే. అక్కడ గొడవంతా కుర్చీల దగ్గరే కదా."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. ఆ రోజుల్లో ఆయన నవ్వగా చూసింది అదొక్కసారే.

కానీ అప్పటికే నెలరోజులుగా ఊరి నోళ్లలో తిరిగింది ఒకటే పేరు. దానికి తోడు ప్రతి ఇంటి గుమ్మంలోకీ కరపత్రాలు వచ్చి పడ్డాయి: 'ల్యాబ్ మామయ్యకే మీ ఓటు, వంతెన కోసం, బల్ల గుర్తు.' ఎవరు అచ్చు వేయించారో కింద రాయలేదు. నేను కొంతమందికి విడమరిచి చెప్పాను. "అవును మేడమ్, మామయ్యకే, మాకు తెలియదా," అనేవారు. తెలుసన్న మనిషికి తెలియదని చెప్పడం కష్టం. ఆ సంగతి నాకు తరగతి గదిలోనే తెలిసి ఉండవలసింది.

ఓట్ల లెక్కింపు రోజు మామయ్య ఒక పొడవాటి కాగితం మీద బూత్‌ల నంబర్లు ముందే వేసుకుని వెళ్లారు. బూత్‌కు రెండు గడులు, ఏడు, తొమ్మిది. ఉదయం ఎనిమిది నుంచి మధ్యాహ్నం రెండున్నర వరకు ఒకే భంగిమలో కూర్చుని రాశారు. మా వీధి బూత్‌లో ఏడుకు పదకొండు, తొమ్మిదికి నూట తొంభై నాలుగు. ఆటోస్టాండు ఉన్న బూత్‌లో ఏడుకు ఆరు, తొమ్మిదికి రెండువందల ముప్పై. గేటు అవతల ఎనభై ఎనిమిదో బూత్‌లో ఏడుకు ఒకటి, తొమ్మిదికి నలభై రెండు. ఆయన అక్షరం ఎక్కడా వంకర పోలేదు.

మొత్తం ఏడో నంబరుకు మూడువందల నలభై ఒకటి. తొమ్మిదో నంబరుకు ఆరు వేల రెండువందల పద్దెనిమిది. పాత శాసనసభ్యుడే మూడు వేల తొమ్మిదివందల రెండు ఓట్ల తేడాతో మళ్లీ గెలిచారు.

నెల తర్వాత మామయ్య ఆ కాగితం పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లారు. నేను వద్దన్నాను. ఆయన వినలేదు. శాసనసభ్యుడు ఎప్పటిలాగే కుర్చీ చూపించి కూర్చోమన్నారు.

"మూడువందల నలభై ఒకటి మాస్టారూ," అన్నారు, నొప్పించకుండా. "ఇప్పుడైనా మీకు అర్థమైంది కదా."

"తొమ్మిదో నంబరువి ఉన్నాయండి."

"అవి మీ మేనల్లుడివి కదా. ఆయన వంతెన అడగలేదే."

మామయ్య కాగితాన్ని పాత మడతల మీదే మడిచి జేబులో పెట్టుకున్నారు. గదిలోంచి బయటికి వచ్చాక చాలాసేపు మణికట్టు మీద మచ్చను రుద్దుకుంటూ నిలబడ్డారు.

ఇక గేటు దగ్గరికి వెళ్లరనుకున్నాను. వెళ్లారు. ఒకరోజు సాయంత్రం నేను ఇంటికి వస్తుంటే గేటు పడింది. మామయ్య అక్కడే స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నారు. కూరగాయల సంచీతో ఒకామె ఆయన్ను చూసి దగ్గరికి వచ్చింది. ఆమె కూతురికి అత్తయ్య అప్రాన్ కుట్టారట.

"మీకు రాకపోవడం అన్యాయం మామయ్యా," అంది. "మా ఇంట్లో నాలుగు ఓట్లూ మీకే వేశాం. మా ఆయన కళ్లజోడు మర్చిపోయాడు కదా, ఎలా కనబడుతుందోనని భయపడ్డాను. మీ పేరు బ్రహ్మాండంగా కనబడిందట. ల్యాబ్ మామయ్య అని, బల్ల గుర్తు పక్కనే."

నేను మామయ్య ముఖం వైపు చూశాను. మైలుతుత్తం అన్నవాణ్ణి ముప్పై ఒక్క ఏళ్లు దిద్దిన మనిషి. తప్పు లేబుల్ ఉన్న సీసాను ఒక్క పూట కూడా బీరువాలో ఉండనివ్వని మనిషి.

"సంతోషం అమ్మా," అన్నారు. "నాలుగూ నాకే వేశారన్నమాట."

"నాలుగూ మీకే."

గేటు లేచింది. ఆమె వెళ్లిపోయింది. మామయ్య పుస్తకం చివరి పేజీ తీసి ఏదో రాసుకున్నారు. ఏం రాశారని నేను అడగలేదు.

ఐదు నెలలకు చిన్నోడికి పర్మనెంటు ఉత్తర్వు వచ్చింది. ఆ కాగితం పట్టుకుని వాడు మామయ్య ఇంటికి వచ్చాడట. ఎన్నికల తర్వాత వాడు ఆ గుమ్మం ఎక్కడం అదే మొదలు. అమ్మాయి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. తలుపు వెనక నిలబడి విన్నది నాకు చెప్పింది. మామయ్య ఉత్తర్వు మొదటి నుంచి చివరి దాకా చదివి, "పేరు సరిగ్గా పడింది, జాగ్రత్తగా దాచుకో," అన్నారట. వాడు కదల్లేదట.

"మామయ్యా, నా ఓటు నీకే వేశాను."

"ఎన్నో నంబరు?"

"ఏడు. స్టూలు."

"ఏ బూత్‌లో?"

"ఎనభై ఎనిమిది."

ఆ తర్వాత ఏవో కాగితాలు తిరగేసిన చప్పుడు వినబడిందట. కాసేపటికి వాడు చెప్పులు తొడుక్కున్న చప్పుడు.

మామయ్య మరో రెండేళ్లు బతికారు. ఊపిరితిత్తుల్లో జబ్బు చేసి, ఆసుపత్రిలో పదకొండు రోజులుండి పోయారు. ఆయన్ను తీసుకువెళ్లినప్పుడు గేటు తెరిచే ఉంది. ఆయన మరణానికీ గేటుకూ సంబంధం లేదు. ఇదీ రాయవలసిన విషయమే కనుక రాస్తున్నాను. వంతెన ఇప్పటికీ లేదు.

పోయిన నెలలో అమ్మాయి ఆ రికార్డు పుస్తకాలు నాకు తెచ్చి ఇచ్చింది. మొత్తం ఏడు. చివరిదాంట్లో, వెనక నుంచి మొదలుపెట్టి, నాలుగు గడుల పట్టిక ఉంది: తేదీ, కలిసిన చోటు, ఓట్లు, వివరం. మొదటి వరుసలో 'గేటు దగ్గర, 4, కూరగాయల సంచీ ఆమె ఇల్లు' అని ఉంది. తర్వాత ఆటోస్టాండు 2. మందుల షాపు 3. బడి 5. ఎవరికి వారు ఆయన్ను ఎదురుగా కలిసి, మీకే వేశామని చెప్పి, చెప్పిన మాటల్లో తొమ్మిదో నంబరుకు వేశారని తేలిన ఓట్లు అవి. కలిపేసిన ద్రావణంలోంచి తనదాన్ని బొట్టు బొట్టుగా మళ్లీ వేరు చేస్తున్నారు. ఒక్కరికీ అసలు సంగతి చెప్పలేదు. రెండేళ్లలో నూట డెబ్బై మూడు వరుసలు. పేజీ కింద కూడిక: 611. ఏడో నంబరుకు పడ్డ మూడువందల నలభై ఒకటీ కలిపినా, నాలుగు వేల మూడువందల ఎనభై ఒకటికి ఇంకా మూడు వేల నాలుగువందల ఇరవై తొమ్మిది తక్కువ.

నేను ఆ కూడికను సరిచూశాను. నాకు 612 వచ్చింది. ఆయన కూడికలో తప్పు నేనెప్పుడూ చూడలేదు. మళ్లీ కూడాను. మళ్లీ అంతే. అప్పుడు ఒక్కొక్క వరుసా చదువుతూ వచ్చాను.

ఐదో నెలలో ఒక వరుస ఉంది. కలిసిన చోటు: ఇల్లు. ఓట్లు: 1. వివరం: 'చిన్నోడు. లేబుల్ చదివి వేశాడు. బూత్ 88తో సరిచూశాను, సరిపోయింది.' అది రాశారు, కానీ మొత్తంలో కలపలేదు. కలపకపోవడం సరైనదే, ఆ ఓటు తొమ్మిదో నంబరు కింద పడింది కాదు, ముందే ఏడో నంబరు మూడువందల నలభై ఒకటిలో ఉంది. రెండుసార్లు లెక్కపెట్టకూడదు.

లెక్క ప్రకారం ఆ వరుస అసలు ఆ పట్టికలో ఉండనక్కరలేదు. వర్తించని దానికి అడ్డగీత గీయాలని నేర్పింది ఆయనే. ఆ వరుస మీద గీత లేదు.